మీ సంఘానికి లా విద్యార్థి ఇంటర్న్‌గా వస్తే: మొదటి వారం ఎలా నడపాలి

బెంగళూరులో లా కాలేజీల పరీక్షలు అయిపోయే రోజులు దగ్గర పడితే చాలు, అవే ప్రశ్నలు మొదలవుతాయి. "కాలేజీ లెటర్ పట్టుకుని ఇద్దరు పిల్లలు వచ్చారు, నాలుగు వారాలు ఉంటారట. వాళ్లకేం వచ్చో మాకు తెలీదు, మా దగ్గర ఏం పనుందో వాళ్లకి తెలీదు. ఏం చెప్పాలి?" లేఔట్ సంఘాలు, వార్డు స్థాయి సమాఖ్యలు, ఊరి శివార్లలో గ్రామ పంచాయతీ సభ్యుల సంఘాలు నడిపే తెలుగువాళ్లందరికీ ఇదే ఇబ్బంది.

చాలాచోట్ల ఆ నాలుగు వారాలూ జెరాక్సులు తీయించడంతో, గుంతల ఫొటోలు తీయించడంతో గడిచిపోతాయి. చివర్లో ఒక సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తారు. పిల్లల నెల పోయింది, మీ బీరువాలో ఫైలు కదల్లేదు. మొదటి వారం సరిగ్గా నడిపితే ఇలా జరగదు. లా విద్యార్థి ఏ పనికి పనికొస్తారో మార్కుల జాబితా చెప్పదు. ఒక చిన్న నిజమైన ఫైలు చేతికిచ్చి, దాంతో వాళ్లేం చేస్తారో చూస్తే తెలుస్తుంది.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- కాలేజీ ఇచ్చిన లెటర్. తేదీలు, ఏ సంవత్సరం విద్యార్థో, బాధ్యుడైన అధ్యాపకుడి పేరు అందులో ఉండాలి.
- మీ సంఘం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నకలు.
- ఒక "పరీక్ష ఫైలు". ఆరు నెలల నుంచి ఏడాది పాతది, ఇరవై కాగితాలు దాటనిది. ఆగిపోయిన రోడ్డు పని, పార్కు ఆక్రమణ, వాన కాలువ మీద ఇచ్చిన ఫిర్యాదు లాంటిదేదైనా సరే. కోర్టులో నడుస్తున్న కేసు ఫైలు మాత్రం వద్దు.
- ఆ ఫైలుకి నకళ్లు. అసలు కాగితాలు మీ దగ్గరే ఉండాలి.
- మీ ప్రాంతం మ్యాపు, ఒక్కో విద్యార్థికి ఒక నోటుబుక్కు.
- రోజుకో అరగంట కేటాయించగల మనిషి ఒకరు. కమిటీలో ఐదుగురూ తలో పని చెబితే పిల్లలు ఏదీ పూర్తిచేయలేరు.
- ఫోన్లో అందుబాటులో ఉండే వకీలు ఒకరు. రోజూ అక్కర్లేదు, వారానికోసారి చాలు.

1. వాళ్లు రాకముందే కాలేజీతో ఒక మాట తేల్చుకోండి

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సు వాళ్లు మొత్తం చదువులో కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సు వాళ్లు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదిలోనూ వరసగా నాలుగు వారాలకు మించకూడదు. అందుకే "ఇంకో రెండు వారాలు ఉండమ్మా" అని బలవంతపెట్టకండి, ఆ అదనపు రోజులు వాళ్ల లెక్కలోకి రాకపోవచ్చు.

ఇంటర్న్‌షిప్ చేయదగ్గ చోట్ల జాబితాలో స్థానిక స్వపరిపాలన సంస్థలు ఉన్నాయి, స్వచ్ఛంద సంస్థలూ ఉన్నాయి. మీ సంఘం స్థానిక సంస్థల గురించే పనిచేసినా, అది స్థానిక సంస్థ కాదు. సర్టిఫికెట్‌ను ఏ కోవ కింద లెక్కిస్తారో కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌ని ముందే అడిగి, జవాబు మెయిల్లో తెప్పించుకోండి. నాలుగు వారాలూ పనిచేశాక సర్టిఫికెట్ చెల్లదంటే ఆ పిల్లల ముఖం చూడలేం.

ఏ సంవత్సరం విద్యార్థో కూడా చూడండి. ఐదేళ్ల కోర్సులో మొదటి రెండేళ్లు చరిత్ర, రాజనీతి శాస్త్రం లాంటివి ఎక్కువగా ఉంటాయి. పరిపాలనా చట్టం, ఆస్తి చట్టం సాధారణంగా తర్వాతే వస్తాయి. రెండో ఏడాది విద్యార్థికి రిట్ పిటిషన్ చిత్తుప్రతి రాయమని చెప్పి, రాలేదని నిరాశపడటం మన తప్పే.

2. మొదటి రోజు: అరగంట కూర్చోబెట్టి మాట్లాడండి

ఇంటర్వ్యూలా కాకుండా టీ ఇచ్చి మామూలుగా మాట్లాడండి. ఈ ప్రశ్నలు అడగండి:

"ఏ ఊరమ్మా మీది? అక్కడ ఇంటి పన్ను ఎవరికి కడతారు?" పంచాయతీకా, మునిసిపాలిటీకా అన్నది టక్కున చెప్పగలిగితే, ఇంట్లో ఆ కాగితాలు చూసిన పిల్లే. చిత్తూరు, అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చిన చాలామందికి పంచాయతీ ఆఫీసు చిన్నప్పటి నుంచీ తెలుసు. అపార్ట్‌మెంట్లలో పెరిగినవాళ్లకి ఆ సంగతే తెలియకపోవచ్చు. అది లోపమేమీ కాదు, వాళ్లని ముందుగా ఆఫీసుకి తీసుకెళ్లాలని మీకు అర్థమవుతుందంతే.

"కన్నడం చదవగలవా? మాట్లాడగలవా?" రెండూ విడివిడిగా అడగండి. తెలుగు పిల్లలకి లిపి దగ్గరగా ఉండటంతో కాస్త తంటాలు పడి చదివేస్తారు, కానీ ఆఫీసు కన్నడం దగ్గర ఆగిపోతారు. ఈ నాలుగు మాటలు మొదటి రోజే నోటుబుక్కులో రాయించండి: సుత్తోలె అంటే సర్క్యులర్, అధిసూచనె అంటే నోటిఫికేషన్, నడవళి అంటే ఆఫీసు ప్రొసీడింగ్స్, హింబరహ అంటే మన అర్జీకి ఆఫీసు రాతపూర్వకంగా ఇచ్చే జవాబు. ఫైల్లో హింబరహ ఎక్కడుందో పట్టుకోలేకపోతే మిగతాదంతా చదివినా లాభం లేదు.

"ఎక్కడ ఉంటున్నావు, ఎలా వస్తావు?" నాగరభావిలో హాస్టల్, మీ సంఘం వైట్‌ఫీల్డ్‌లో అయితే రోజుకి మూడు గంటలు దారిలోనే పోతాయి. వారానికి రెండు రోజులు ఇంటి దగ్గరే చదువుకునే పని పెట్టండి. శక్తి పథకం కింద ఉచిత బస్సు కర్ణాటక చిరునామా ఉన్న మహిళలకే. ఆంధ్ర, తెలంగాణ ఆధార్ ఉన్న అమ్మాయిలు టికెట్ కొనాల్సిందే. స్టైపెండ్ ఇవ్వలేని సంఘం కనీసం బస్సు, మెట్రో ఖర్చులైనా ఇవ్వాలి. అడిగే దాకా ఆగకండి, వాళ్లు అడగరు.

కులం, పెళ్లి, నాన్నగారి సంపాదన, మార్కులు: ఇవి అడగొద్దు. మీకు అక్కర్లేదు.

ఇంకో సంగతి. 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం ట్రైనీలకీ వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి సిబ్బంది ఉంటే మీ సంస్థలోనే అంతర్గత కమిటీ ఉండాలి. లేకపోతే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయొచ్చని మొదటి రోజే చెప్పండి. అమ్మాయిలని ఒంటరిగా ఏ ఇంజనీరు దగ్గరికో, కాంట్రాక్టరు దగ్గరికో పంపొద్దు. అబ్బాయిలనీ పంపొద్దు.

3. రెండో రోజు: ఒక గంట వీధిలో నడిపించండి

అర కిలోమీటరు రోడ్డు చాలు. నోటుబుక్కులో నాలుగు గడులు గీయించండి: కనిపించింది ఏమిటి, బాధ్యత ఎవరిది, ఏ చట్టం, ఏ ఆఫీసు. మీరు జవాబులు చెప్పకండి.

మ్యాన్‌హోల్ నుంచి మురుగు పొంగి, పక్కనున్న వాన కాలువలోకి పోతుందనుకోండి. మురుగు లైను నీటి సరఫరా, మురుగునీటి మండలిది. వాన కాలువ కార్పొరేషన్‌ది. రెండు ఆఫీసులూ ఒకదాని మీద ఒకటి తోసేసుకునే చోటు సరిగ్గా ఇదే. దీన్ని రెండు వరుసలుగా రాసిన విద్యార్థికి సగం పని వచ్చినట్టే. కరెంటు స్తంభం బెస్కాం, చెట్టు కొట్టడం గురించైతే 1976 నాటి కర్ణాటక వృక్ష పరిరక్షణ చట్టం, పార్కు గురించైతే 1985 నాటి పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ స్థలాల చట్టం. తోపుడు బండ్లు కనిపిస్తే 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం. "ఆక్రమణ" అని గబుక్కున రాసేసిన పిల్లలకి ఆ చట్టం చదివించండి. అమ్ముకునేవాళ్లకీ హక్కులున్నాయని, టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం తగ్గకుండా వాళ్లే ఉండాలని అందులో ఉంది. సంఘంలో పెద్దలకు ఈ మాట నచ్చకపోవచ్చు, అయినా చదివించండి.

ఎక్కువగా కనిపించే పొరపాటు: "బాధ్యత ఎవరిది" గడిలో అన్నింటికీ "ప్రభుత్వం" అని రాయడం. అలా వస్తే ఇంకో వీధి తిప్పండి.

4. మూడో రోజు: ఒక ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) అర్జీ రాయించండి

మొత్తం వారంలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. ఒక్క పేజీ అర్జీలో విద్యార్థి చదివే తీరు, ఆలోచించే తీరు, రాసే తీరు మూడూ బయటపడతాయి.

కర్ణాటక నియమాల ప్రకారం ఒక అర్జీ ఒక్క విషయానికే పరిమితం కావాలి, మామూలుగా 150 మాటలు దాటకూడదు. రుసుము 10 రూపాయలు. దారిద్య్రరేఖ దిగువన ఉన్నవారికి రుసుము లేదు. భాష కన్నడంలోనో ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. తెలుగులో రాసి ఇస్తే కుదరదు.

పరీక్ష ఫైలు ఇచ్చి, గంట టైమిచ్చి, రాయమనండి. మొదటి ప్రతి చాలాసార్లు ఇలా వస్తుంది:

"మా రోడ్డు పని ఎందుకు ఆగిపోయింది? దీనికి ఎవరు కారణం? ఎప్పుడు పూర్తిచేస్తారు?"

ఈ మూడింటికీ జవాబు రాదు. ఆర్టీఐ కింద ఇచ్చేది ఆఫీసు దగ్గర ఇప్పటికే ఉన్న సమాచారం. సంజాయిషీ, అభిప్రాయం, హామీ దాని కిందికి రావు. తిప్పి రాయించాక ఇలా ఉండాలి:

"ఫలానా వార్డు, ఫలానా క్రాస్ రోడ్డు తారు పనికి సంబంధించి: వర్క్ ఆర్డర్ నకలు, అంచనా పత్రం నకలు, మెజర్‌మెంట్ బుక్కులో సంబంధిత పేజీల నకళ్లు, ఇప్పటిదాకా చెల్లించిన బిల్లుల నకళ్లు ఇవ్వగలరు. సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 2(జె) ప్రకారం ఆ పనిని తనిఖీ చేయడానికి తేదీ, సమయం తెలపగలరు."

"ఎందుకు ఆగింది" అన్నదానికి జవాబు ఈ కాగితాల్లోనే దొరుకుతుంది. పని సగమే అయినా బిల్లు పూర్తిగా చెల్లించారా, అసలు వర్క్ ఆర్డరే లేదా అన్నది తేలిపోతుంది. మొదటి ప్రతి చెడ్డగా వచ్చిందని తీసిపారేయకండి. కారణం చెప్పాక రెండో ప్రతి ఎలా మారిందో చూడండి. ఆ మార్పే మీకు అసలు మనిషిని చూపిస్తుంది.

తర్వాత గడువుల లెక్క చేయించండి. అర్జీ జూన్ 3న ఆఫీసుకి అందితే 30 రోజుల గడువు జూలై 3తో తీరుతుంది. జవాబు రాకపోతే మొదటి అప్పీలు అక్కడి నుంచి 30 రోజుల్లో, అంటే ఆగస్టు 2 లోపు వేయాలి. రెండో అప్పీలుకి 90 రోజులు. వేళ్ల మీద లెక్కపెడితే ఒక రోజు తేడా వస్తుంది, క్యాలెండర్ మీద పెట్టించండి.

హెచ్చరిక: ఈ అర్జీ మీద విద్యార్థి చేత సంతకం పెట్టించొద్దు. సంతకం పెట్టినవారి పేరు, చిరునామా ఆఫీసులో అందరి చేతుల్లోకీ వెళ్తాయి. కాంట్రాక్టరు బిల్లుల గురించి అడుగుతున్నప్పుడు పీజీ హాస్టల్లో ఉండే ఇరవై ఏళ్ల పిల్లని ముందు నిలబెట్టడం తప్పు. సమాచారం అడిగే హక్కు పౌరులకే ఉంది కాబట్టి సంఘం పేరు మీద కూడా వేయకుండా, కమిటీ సభ్యుల్లో ఒకరు సొంత పేరుతో వేయాలి.

5. నాలుగో రోజు: చట్టం ఏది అమల్లో ఉందో వాళ్లనే పట్టుకోమనండి

ఇప్పుడు బెంగళూరులో పట్టభద్రులూ తడబడే చోటు ఇది. 1976 నాటి కర్ణాటక మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం ఉంది. బీబీఎంపీకి (బృహత్ బెంగళూరు మహానగర పాలికెకి) ప్రత్యేకంగా 2020 చట్టం వచ్చింది, 2021 జనవరిలో అమల్లోకి వచ్చింది. దాని స్థానంలో గ్రేటర్ బెంగళూరు పరిపాలన చట్టం, 2024 వచ్చి 2025 మే 15 నుంచి అమలవుతోంది. 2025 సెప్టెంబర్‌లో సెంట్రల్, ఈస్ట్, వెస్ట్, నార్త్, సౌత్ అని ఐదు కార్పొరేషన్లు అయ్యాయి. మీ పాత ఫైల్లో "బీబీఎంపీ కమిషనర్" అని ఉన్న ప్రతి అర్జీని ఇప్పుడు ఎవరికి పంపాలో మళ్లీ చూసుకోవాలి.

వార్డు నంబర్లూ అంతే. 198 వార్డుల కాలం నాటి నంబరు ఒకటి, తర్వాత 243గా, 225గా విభజించినప్పటి నంబర్లు వేరు. పాత నంబరు వేసి పంపితే అర్జీ వేరే ఆఫీసుకి పోయి అక్కడే పడి ఉంటుంది. నంబరుతో పాటు వీధి పేరు, దగ్గర్లోని గుర్తు రాయడం అలవాటు చేయించండి.

మీది పంచాయతీ పరిధి అయితే ఈ గొడవ లేదు. 1993 నాటి కర్ణాటక గ్రామ స్వరాజ్, పంచాయతీ రాజ్ చట్టం తీసి, వార్డు సభ, గ్రామ సభ గురించి చదివించండి.

ఒక తీర్పు కూడా ఇవ్వండి: 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన బెంగళూరు మెడికల్ ట్రస్ట్ వర్సెస్ బి.ఎస్. ముద్దప్ప. పార్కుకని ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించడాన్ని స్థానికులు సవాలు చేసి గెలిచిన కేసు. మన ఊరిదే కాబట్టి పిల్లలు ఇష్టంగా చదువుతారు. ఒక్క పేజీలో రాయమనండి: ఏం జరిగింది, కోర్టు ముందున్న ప్రశ్న ఏమిటి, ఏం తేల్చింది, మన పార్కుకి ఇది ఎంతవరకు పనికొస్తుంది. చివరి ప్రశ్నకి "మన విషయంలో ఇది వర్తించదు, ఎందుకంటే..." అని రాసే ధైర్యమున్న విద్యార్థిని వదులుకోకండి.

తీర్పు సారాంశం మాటలు మరీ నున్నగా ఉంటే, పక్కన కూర్చోబెట్టుకుని అసలు తీర్పు తెరిపించి, ఆ వాక్యం ఏ పేరాలో ఉందో చూపించమనండి. ఏఐ చాట్‌బాట్లు లేని కేసుల్ని కూడా నంబర్లతో సహా పుట్టించి ఇస్తాయి. సుప్రీంకోర్టు తీర్పులు ఆ కోర్టు ఆన్‌లైన్ తీర్పుల సంకలనం ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతాయి. అక్కడ తెరిచి చూడని కేసు పేరు మీ లెటర్‌హెడ్ మీదకి ఎక్కకూడదు.

6. ఐదో రోజు: పని పంచండి

ఇప్పటికి మీకు తెలిసిపోతుంది. కాగితం వదలకుండా చదివే పిల్లకి పాత ఫైళ్ల తేదీల పట్టిక. వీధిలో అందరితో కలిసిపోయే అబ్బాయికి ఇంటింటి సమాచారం. బాగా రాసేవారికి ఆర్టీఐలు, అప్పీళ్లు. ఇద్దరు వస్తే ఒకే ఫైలు మీద జంటగా పెట్టండి. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దుతారు, మీ పని సగం తగ్గుతుంది.

మిగిలిన మూడు వారాలకి పూర్తయ్యే పని ఒక్కటే ఇవ్వండి. ఐదు మొదలుపెట్టించకండి.

చేయించకూడనివి

1961 నాటి అడ్వకేట్ల చట్టం ప్రకారం వకాలత్ అడ్వకేట్లకే. విద్యార్థి చిత్తుప్రతి రాయొచ్చు, పరిశోధన చేయొచ్చు. కోర్టులో వాదించడం, ఎవరికైనా "కేసు గెలుస్తారు" అని సలహా చెప్పడం, తన పేరుతో లీగల్ నోటీసు పంపడం కుదరదు. బయటికి వెళ్లే ప్రతి కాగితం మీదా కమిటీ సభ్యుల సంతకమో వకీలు సంతకమో ఉండాలి. చందాలు వసూలు చేయించొద్దు. సభ్యుల సేల్ డీడ్లు, ఖాతా (ఆస్తి పన్ను రికార్డు) కాగితాలు ఫోన్లో ఫొటో తీసుకోనివ్వొద్దు. ఆధార్ నకళ్లు ఉంటే మొదటి ఎనిమిది అంకెలు కొట్టేసి ఇవ్వండి.

పని సరిగ్గా వచ్చిందో లేదో చూసే పద్ధతి

- అర్జీని ఆ విషయం తెలియని ఒకరికిచ్చి చదివించండి. ఏం అడుగుతున్నారో ఒక్క వాక్యంలో ఆయన చెప్పలేకపోతే మళ్లీ రాయించండి.
- ప్రతి సెక్షన్ నంబరు పక్కన చట్టం పేరు, సంవత్సరం ఉన్నాయా? అది ఇప్పటికీ అమల్లో ఉందా?
- ఇచ్చిన ప్రతి కాగితానికీ అక్నాలెడ్జ్‌మెంట్ స్టాంపో, ఆన్‌లైన్ నంబరో ఉందా? "ఇచ్చేశాం సార్" అన్న మాట చాలదు.
- తేదీల పట్టికలో తర్వాతి గడువు ఎర్ర సిరాతో ఉందా?
- డైరీ రోజూ రాస్తున్నారా? కాలేజీలో ఇంటర్న్‌షిప్ డైరీకి మార్కులుంటాయి. శుక్రవారం శుక్రవారం చూసి సంతకం చేయండి. చివరి రోజు ఇరవై పేజీలకి ఒకేసారి సంతకం చేస్తే వాళ్లకీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు.

సర్టిఫికెట్లో "చక్కగా పనిచేశారు" అని వదిలేయకండి. ఏ చట్టం కింద ఏం రాశారో, ఎన్ని అర్జీలు, ఏ ఫైలు సర్దారో రాయండి. తర్వాత ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆ రెండు వాక్యాలే వాళ్లకి ఉపయోగపడతాయి.

ఎవరూ రాకపోతే

లా కాలేజీలన్నింటిలోనూ అధ్యాపకుడి పర్యవేక్షణలో న్యాయ సహాయ కేంద్రం ఉండాలని బార్ కౌన్సిల్ నిబంధన. మీకు దగ్గర్లోని కాలేజీకి వెళ్లి, ఆ కేంద్రం బాధ్యుణ్ని కలవండి. పరీక్షలకి రెండు నెలల ముందు వెళ్లడం మంచిది, సెలవులు మొదలయ్యాక పిల్లలందరూ ఎక్కడో ఒకచోట చేరిపోయి ఉంటారు. వెళ్లేటప్పుడు ఒక పేజీ కాగితం తీసుకెళ్లండి: ఏ పని, ఎన్ని వారాలు, ఎవరు చూసుకుంటారు, దారి ఖర్చులు ఇస్తారా లేదా.

పని అత్యవసరమై, కోర్టు దాకా పోయేదైతే విద్యార్థుల కోసం ఆగకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి, ఆదాయ పరిమితి లోపల ఉన్నవారికి 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా వకీలు దొరుకుతారు. 15100కి ఫోన్ చేసి అడగొచ్చు.